ఎడమ దిక్కు, మీటరు దూరం

పానగల్లు దాటినంక
ఎర్ర మొరం బాట ఆగిన కాడ ఫైరింగ్ రేంజి.
నిన్నటిదాక బరాతుల డీజే డబ్బాలను,
కంకర మిల్లులు పండ్లు కొరికే చప్పుడును కొలిచినోణ్ణి.
ఇయ్యాల తుపాకి మూతికి తొడిగే గొట్టం
ఎంత మోతను మింగుతదో రాసియ్యాలె.

మూతికి ఎడమ దిక్కు, మీటరు దూరంల మైకు.
ఎత్తు నా గదుమ కాడికి.
ఎండ ముప్పై తొమ్మిది. గాలి లేదు.
ఇవన్నీ రాసుకోవాలె,
చప్పుడుకు ఇవన్నీ సుట్టాలే.

గొట్టం లేకుంట ఐదు తూటాలు.
నూట అరవై మూడు.
నూట అరవై నాలుగు.
మల్ల మూడు.
నాలుగోది నేను కాయితం మీద పెట్టకముందే
నా పక్కబొక్కల మీద రాసుకున్నది.
ఐదోదానికి నేల మీది దుమ్ము
లేసి, సోంచాయించి, మల్ల కూసున్నది.

అప్పుడు ఈదయ్య గొట్టం బిగించిండు.
కంకి నుంచి పాలగింజ తీసినంత నెమ్మదిగ
మరలు తిప్పే వేళ్లు.
"తొలి తూటాను వేరే రాయి సారూ.
గొట్టంల పాతగాలి ఉంటది, అది అంటుకుంటది.
శానొద్దులకు తాళం తీసిన ఇంట్ల
మొదటి అడుగు మోగినట్టు మోగుతది."

నూట ముప్పై తొమ్మిది.
ఆ తర్వాత ముప్పై మూడు, ముప్పై మూడు, ముప్పై నాలుగు,
ముప్పై మూడు.

ముప్పై తగ్గింది!
మా మీటరు బడిల ముప్పై అంటే
వెయ్యి పాళ్లల్ల ఒక్క పాలే మిగిలినట్టు.
గొట్టం అమ్మవచ్చిన కంపెనీ పిలగాడు
మా అందరికి థమ్సప్ తాపిండు.
చెవి వేరే బడిల సదువుకున్నది,
వెయ్యో వంతును ఎనిమిదో వంతని అప్పజెప్తది.

గంటసేపయినంక
ఎర్రజెండా అవతలి నుంచి కురుమ బీరమ్మ వచ్చింది,
కట్టె నేలకు కొట్టుకుంట.
"ఆ గుట్ట మీంచి కాలుస్తున్నదెవలు?"
గుట్ట మీద ఎవలూ లేరు.
పొద్దుగాల మోతకు గొర్లు మా దిక్కు చూసి
గుట్ట దిక్కు ఉరికినయంట.
గొట్టం బిగించినంక
గుట్ట దిక్కు చూసి బెదిరి
సక్కగ మా మీదికే వచ్చినయి.

గొట్టం మూతికాడి మంటగాలిని పట్టుకుంటది.
తూటాను పట్టుకోదు.
తన మోత కంటె ముందు ఉరికే తూటా
దారి పొడుగునా గాలిని
కొత్తగుడ్డ లెక్క సర్రున చింపుకుంట పోతది.
ఆ చింపుడే బీరమ్మ నెత్తిమీద పడ్డది.
చప్పుడున్నది. దాని ఊరు పేరు లేదు.
నా ఫారంల ఇరవై రెండు గడులు.
గొర్లు ఏ దిక్కు ఉరికినయో రాసే గడి
యాడా లేదు.

పగటి బువ్వకు రేకుల షెడ్డుల కూసున్నం.
ఈదయ్య చింతతొక్కు వేసిండు నా గిన్నెల.
"ఇరవై ఆరేండ్లాయె ఈ తుపాకులతోని.
ఎడమ చెవుల ఒక కీచురాయి జొచ్చింది సారూ.
దీపం ఆర్పంగనే మొదలు వెడ్తది.
మా ఇంటిది నమ్మది.
జర నీ మిషిని పెట్టి చూడు."

లాభం లేదని నాకు ఎరుకే.
అయినా స్పాంజి తీసి
మైకును ఆయన చెవి పక్కకు తెచ్చిన.
నలభై ఆరు.
అండ్ల రేకులు ఎండకు టిక్కుమనుడున్నది,
యాడనో పోతున్న రైలున్నది,
నా ఊపిరున్నది.

"ఉన్నదా?" అన్నడు,
చెవుడోళ్లు అడిగినంత గట్టిగ.
"ఉన్నది."
"ఎంత?"
"నలభై ఆరు."

బీడికట్ట కాయితం చింపి ఇచ్చిండు.
అంకె వేసిన.
"కింద సంతకం" అన్నడు.

ఆ రోజు నేను రాసిన అన్ని అంకెలల్ల
తప్పుది అదొక్కటే.
ఈదయ్య దాన్ని నాలుగు మడతలు వెట్టి
రొమ్ముజేబుల, తూటాల లెక్క రాసుకునే
చిన్న పుస్తకం నడుమ దాసుకున్నడు.